పసుపు చుక్క ఉన్న స్క్రూ

మా మరదలు ఒటీలియా అరవై నాలుగో ఏట, మోకాలి ఆపరేషన్‌కి ముందు, ఒక్కతే మోటార్ సైకిల్ మీద పసిఫిక్ సముద్రం దాకా పోయి వచ్చిందని మా ఊరు ఫ్రాయిడెన్‌తాల్‌లో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. చర్చి మెట్ల మీదా, ధాన్యం ఎలివేటర్ గోదాం దగ్గర లారీల వరసలోనూ ఇప్పుడు అదే మాట. వాళ్లు చెప్పుకునేదాంట్లో అబద్ధం లేదు. ఒక ముక్క మాత్రం లేదు. ఆ ముక్క నా దగ్గర ఉండిపోయింది.

ముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఆ ముక్క బరువు తెలియదు. నా పేరు వెండెలిన్. ఎనిమిది తరగతులకూ ఒకే గది, ఒకే టీచరు, ఒకే బొగ్గు పొయ్యి ఉన్న బడిలో చదివాను. అక్కడితో చదువు సరి. పందొమ్మిదో ఏట కౌంటీ సంతలో కళ్లకు గంతలు కట్టుకుని కార్బొరేటర్ విప్పి, మళ్లీ బిగించి, పదకొండు నిమిషాల్లో ఇంజన్ మోగించాను. మొదటి బహుమతిగా ఇచ్చిన ఆ నీలం రిబ్బన్ మా వంటింటి అల్మారా తలుపు లోపలివైపు ఈనాటికీ ఉంది. ఈస్టర్ పొద్దున్న నడిరోడ్డు మీద ఆగిపోయిన ఫాదర్ గారి కారుని, పూజ మొదటి గంట కొట్టేలోపు, నా మంచి కోటు మీద చుక్క నూనె పడకుండా బాగుచేశాను. ఇంట్లో కూర్చుని సూప్ తాగుతూ, బయట కంకర రోడ్డు మీద పోయే ట్రాక్టర్ చప్పుడు విని ఎన్నో సిలిండర్ మిస్సవుతోందో చెప్పేవాణ్ణి. పందెం కట్టి ఓడినవాళ్లు ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు, అడగొచ్చు. ఈ చేతుల కింద మూడు వందలకు పైగా కార్బొరేటర్లు పోయాయి. నేను ముట్టాక బాగుపడనిది ఒక్కటీ లేదని డెబ్భై ఆరేళ్లు వచ్చేదాకా చెప్పుకున్నాను.

ఇక ఒటీలియా. నేను టిల్లీ అంటాను. నా భార్య రోసాలియాకి చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. ముప్ఫై నాలుగేళ్లు స్కూల్ బస్సు నడిపింది. పొద్దున అరవై రెండు మైళ్లు, సాయంత్రం అరవై రెండు మైళ్లు, అదే దారి. వెటర్ వాళ్ల పొలం చివర తపాలా పెట్టె దగ్గర బస్సు తిప్పుకుని వెనక్కి. ఆ పెట్టె దాటి రోడ్డు పడమరకి ఇంకా పోతుంది. ప్రతిరోజూ ఆ రోడ్డుని చూస్తూ స్టీరింగ్ తిప్పేది. మనిషి ఎక్కడా కుదురుగా ఉండేది కాదు. మా ఇంట్లో కాఫీ ఎప్పుడూ నిలబడే తాగేది, కప్పు పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ.

"కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి," అనేది రోసాలియా.

"రోజంతా కూర్చునే ఉద్యోగమేగా అక్కా నాది. ఇప్పుడు నా కాళ్ల వంతు."

ఉద్యోగం వదిలే ఏడాది ముందు శరదృతువులో ఒక జపాన్ బండి కొంది. ఎర్రటిది, వాడిందే, కంప్యూటరే కొలిచి పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది. కొనేముందు నన్ను అడగలేదు. చూడ్డానికి వెళ్లి ట్యాంకు కింద వంగి చూశాను. పెట్రోల్‌నీ గాలినీ కలిపే కార్బొరేటర్ ఉండాల్సిన చోట వైర్లూ, ప్లాస్టిక్ డబ్బాలూ.

"ఇదేం బండే? గొంతు లేదు దీనికి. రేపు ఆగిపోతే ఎవడు చూస్తాడు?"

"నువ్వున్నావుగా బావా."

నవ్వుతూ అంది. నేను దాన్ని నవ్వులాట అనుకోలేదు.

మే నెలలో బస్సు తాళాలు అప్పగించింది. అదే నెలలో బిస్మార్క్ పట్నంలో డాక్టరు ఎడమ మోకాలు చూసి జూలై ఇరవై ఎనిమిదికి ఆపరేషన్ పెట్టాడు. ఆ తర్వాత మళ్లీ బండెక్కే మోకాలు అవుతుందో లేదో ముందే చెప్పలేనన్నాడు. ఆవిడ లెక్క వేసుకుంది. పోను పద్నాలుగు వందల మైళ్లు, రాను అంతే. నెమ్మదిగా పోతే రెండు వారాలు. అంటే జూలై పన్నెండో పదమూడో బయల్దేరాలి. ఆ రోజు దాటితే ఆ మోకాలికి సముద్రం లేనట్టే.

జూన్ మొదటి వారంలో బండి మొరాయించింది. పోతున్నంతసేపు బాగానే పోయేది. ఆగాల్సిన చోట ఆగితే స్లో, అంటే ఇంజన్ ఊరికే కొట్టుకునే వేగం, నిలిచేది కాదు. ఆయాసం వచ్చిన మనిషిలా చప్పుడు పైకి లేచేది, దిగేది, చివరికి ఆగిపోయేది. బిస్మార్క్‌లో షోరూముకి ఫోన్ చేస్తే ఆగస్టుకి రమ్మన్నారు.

"ఆగస్టుకి నేను కర్రలు పట్టుకుని నడుస్తుంటాను," అంది ఒటీలియా, ఫోన్ పెట్టేసి, గదిలో మూడుసార్లు చుట్టూ తిరిగి. "బావా, నువ్వు చూడు."

చూశాను. ట్యాంకు ఎత్తి కట్టె ఆనించాను. చెవి పెట్టి విన్నాను. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం, స్లో జెట్, మూసుకుపోయిన చప్పుడు, అచ్చం అదే, ఖాయమని టిల్లీకి చెప్పాను. దీనికి జెట్ లేదన్న సంగతి నాకు తెలుసు, నా చెవి మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. గాలి పోయే గొట్టం నోట్లో కార్బొరేటర్ క్లీనర్ ధారాళంగా కొట్టాను. తుడుస్తుంటే పక్కన చిన్న స్క్రూ కనబడింది, తల మీద పసుపు రంగు చుక్కతో. రంగు పెట్టారంటే ముట్టుకోవద్దని అర్థం. ఆమాత్రం నాకు తెలియదా? ఒకప్పుడు కార్బొరేటర్ స్క్రూలకి ఇత్తడి మూతలు కొట్టి పంపేవాళ్లు, ముట్టుకోవద్దనే. అలాంటి మూతలు వందల్లో ఊడబెరికాను, ప్రతి ఇంజనూ ముందుకంటే తీపిగా మోగింది. ఇంజన్ నడుస్తుండగానే స్క్రూడ్రైవర్ పెట్టి కుడికి పావు చుట్టు తిప్పాను. చప్పుడు కుదురుకుంది. అర చుట్టు, ఇంకా బాగుంది. ముప్పావు దగ్గర గడియారంలా కొట్టుకుంది. అక్కడ ఆపాను. ఆ పసుపు చుక్క నా క్లీనర్ దెబ్బకి అప్పటికే కరిగి గుడ్డకి అంటుకుంది.

"టిల్లీ, రా, విను!"

వచ్చి వింది. నా బుగ్గ మీద ముద్దు పెట్టి, సాయంత్రానికి రూబార్బ్ కూకెన్, అంటే పుల్లటి కాడలు పెట్టిన కేకు, రెండు పళ్లేలు కాల్చి పంపింది. నేనే ఒక పళ్లెం తిన్నాను.

మూడో రోజు పొద్దున మా కంకర రోడ్డు హైవేలో కలిసే చోట ఆవిడ యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసింది. బండి నెమ్మదించలేదు. ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టు ముందుకే పోయింది. హైవే మీద ధాన్యం లారీ వస్తోంది. బ్రేకు గట్టిగా పట్టేసరికి ముందు చక్రం కంకరలో జారి బండి ఎడమవైపు పడింది, ఆవిడ మోకాలి మీద. లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. నా పికప్ వేసుకుని వెళ్లేసరికి ఆవిడ బండిని తనే లేపి నిలబెట్టింది. మోకాలు గుమ్మడికాయలా ఉంది.

ఇంటికొచ్చే దారిలో అంది: "నేను వదిలేశాను బావా. అది వదల్లేదు."

ఆ మాట వినగానే నాకు అర్థమైంది. స్క్రూ తిప్పినప్పుడు గాలిని ఆపే లోపలి రేకు కొంచెం తెరుచుకునే ఉండిపోయింది.

"లోపల ఇంకేమన్నా కదిపావా?"

"శుభ్రం చేశాను," అన్నాను.

అదీ ఆ ముక్క. కళ్లకు గంతలతో పదకొండు నిమిషాల్లో ఇంజన్ మోగించిన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. నోరు మాత్రం అంతకుమించి తెరుచుకోలేదు.

ఒటీలియా రెండు రోజులు మోకాలికి ఐసు పెట్టుకుంది. మూడోరోజు కుంటుకుంటూ లైబ్రరీకి పోయి, ఆ బండి రిపేరు పుస్తకం బిస్మార్క్ నుంచి పోస్టులో తెప్పించమని రాసిచ్చింది. వారానికి వచ్చింది, ఇటుకంత మందం. పుస్తకం వచ్చిన పొద్దున్న నేను పానాల పెట్టె పట్టుకుని ఆవిడ షెడ్డుకి వెళ్లాను. ఆవిడ తలుపులో నిలబడింది.

"పెట్టె పికప్‌లోనే ఉంచు బావా. నువ్వు రా. ఆ బకెట్ బోర్లించి కూర్చో. చేతులు జేబుల్లో పెట్టుకో."

"జేబుల్లోనా? ఈ చేతులకి రిబ్బన్ వచ్చిందే!"

"ఆ రిబ్బన్ కూడా జేబులో పెట్టుకో. సముద్రం దగ్గరికి నేనొక్కదాన్నే పోతున్నా. మధ్యలో ఆగిపోతే నువ్వు మోంటానా కొండల్లోకి కూకెన్ తింటూ వస్తావా? నాకు నేనే నేర్చుకోవాలి."

ఆవిడ పద్ధతి చూస్తే నాకు మొదట్లో ఒళ్లు మండిపోయింది. ముప్ఫై నాలుగేళ్లు ప్రతి పొద్దున్న బస్సు చుట్టూ అట్ట పట్టుకుని తిరిగి, టైర్లూ, లైట్లూ, తలుపులూ ఒక్కొక్కటే చూసి టిక్కు పెట్టిన మనిషి. ఆ అట్టనే ఇక్కడ కూడా పట్టుకుంది. చూడనిది బాగుందని రాయదు. ఒకటి తేలకుండా రెండోదాన్ని ముట్టుకోదు. నేను ఒక్క చెవితో అర నిమిషంలో చెప్పేసేదానికి ఆవిడ ఒక పూట పట్టించేది. నేను బకెట్ మీద అటూ ఇటూ జరిగేవాణ్ణి. లేచేవాణ్ణి. మళ్లీ కూర్చునేవాణ్ణి.

మొదటి రోజు తాళం తిప్పి చెయ్యి పైకెత్తింది. "ష్. విను."

ట్యాంకు లోపల ఏదో గుంయ్‌మని రెండు సెకన్లు మోగి ఆగింది.

"అది పంపు. పెట్రోల్‌ని ఒత్తిడికి తెస్తుంది. అది ఆగాకే స్టార్టర్ నొక్కాలట. నువ్వేం చేశావు, తాళం తిప్పుతూనే బటన్ నొక్కుతూ, యాక్సిలరేటర్ మెలితిప్పుతూ."

"డెబ్భై ఏళ్లుగా ఇంజన్లు అలాగే స్టార్టయ్యాయి!"

"ఈ బండి వయసు పదిహేను బావా. దానికి నీ సంగతి తెలియదు."

రెండో రోజు ఇంకా వింత. సీటు కింద ఖాళీగా వేలాడే చిన్న సాకెట్‌లో ఒక కాగితాల క్లిప్పు వంచి గుచ్చి తాళం తిప్పితే, మీటరు పక్కన ఇంజన్ దీపం మిణుకుతుంది. పొడుగ్గా వెలిగితే పది, పొట్టిగా వెలిగితే ఒకటి. మొత్తం కూడితే ఒక అంకె. ఆ అంకె పుస్తకంలో చూస్తే జబ్బు పేరు. ఒటీలియా పుస్తకం చూసేలోపు లెక్క తప్పింది, ఒకసారి కాదు, నాలుగుసార్లు.

"అక్కా, నీ జపమాల తీసుకురా!"

రోసాలియా బండి ముందు కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, పూస పూసకీ లెక్క పెట్టింది.

"పొట్టిది ఒకటి... పొట్టిది రెండు... ఆగిపోయింది. మళ్లీ మొదలు. ఒకటి, రెండు. రెండేనే చెల్లీ."

"రెండంటే," ఒటీలియా వేలు పెట్టి చదివింది, "ఇంజన్‌లో గాలి ఒత్తిడి కొలిచే సెన్సారుకి పోయే గొట్టం."

"దీపం భాషలో పాపాలు చెప్పుకుంటోంది బండి," అంది రోసాలియా. "మన ఇంట్లో మగవాళ్లకంటే నయం."

నేను నేల చూశాను.

ట్యాంకు ఎత్తి, గాలి డబ్బా మూత విప్పింది. లోపలినుంచి దోసెడు పొద్దుతిరుగుడు పొట్టు జలజలా రాలింది. చలికాలమంతా షెడ్డులో ఎలుక కాపురం పెట్టింది. పోతూ పోతూ, వేలెడు పొడుగున్న ఆ రబ్బరు గొట్టాన్ని అంచున కొరికిపెట్టింది. అంతే జబ్బు. నేను వెతికిన జెట్టూ లేదు, మూసుకున్న దారీ లేదు. పొలం సామాన్ల కొట్టులో ఆ సైజు గొట్టం కొని, కోసి, తొడిగింది. దీపం ఆరిపోయింది. ఒటీలియా అట్ట మీద టిక్కు కొట్టి నాకు చూపించింది.

"చూశావా బావా? ఎలుక!"

"ఎలుకే," అన్నాను.

స్టార్ట్ చేసింది. ఆయాసం పోయింది. కానీ స్లో మాత్రం ఎక్కడో పైన అరుస్తూనే ఉంది, కిందికి దిగదు. వదిలితే వదలని ఆ పాత రోగం అలాగే ఉంది. ఆవిడ మొహం చూడలేక నేను షెడ్డు వెనక్కి పోయి గోధుమ చేలోకి చూస్తూ నిలబడ్డాను. గాలి ఆగకుండా కొడుతోంది. చేతులు జేబుల్లో ఊరికే ఉండలేక అందులో ఉన్న తాళాలు గిల్లుతున్నాయి.

తర్వాత తొమ్మిది రోజులు. ప్లగ్గులు చూసింది, బాగున్నాయి, టిక్కు. యాక్సిలరేటర్ తీగ వదులుందేమో చూసింది, టిక్కు. బ్యాటరీ, టిక్కు. ప్రతి టిక్కూ నాకు తగిలేది. ఒక్క మాట చెబితే ఈ తొమ్మిది రోజులూ ఆవిడకి మిగిలేవి. పొద్దున చెబుదామని వెళ్లేవాణ్ణి, సాయంత్రం రేపనుకుని వచ్చేవాణ్ణి. రాత్రి భోజనం దగ్గర సూప్‌లో పిండి ఉండలు కదుపుతూ కూర్చుంటే రోసాలియా అంది:

"ఏమయ్యా, కడుపులో ఏం పెట్టుకున్నావు? ఉండలైతే కావు, ఒక్కటీ తినలేదు."

"ఎండ ఎక్కువగా ఉంది."

"నీకు అబద్ధం చేతకాదు. ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పు."

జూలై తొమ్మిది. ఒటీలియా పుస్తకంలో చివరి పేజీకి వచ్చింది. యాక్సిలరేటర్ ఎంత తెరుచుకుందో చూసే సెన్సారు. దాని వైరులో గుండుసూది గుచ్చి మీటరు పెట్టాలి. మూసి ఉన్నప్పుడు అర వోల్టు దగ్గర చూపించాలి. ఆవిడ మీటరు ముప్పావు వోల్టుకి ఆనుకుని ఉంది.

"బావా, మూసే ఉంది, చూడు. పూర్తిగా మూసే ఉంది. కానీ బండేమో తెరిచే ఉన్నాననుకుంటోంది." పుస్తకం మీదికి వంగింది. చాలాసేపు చదివింది. "ఇక్కడ స్క్రూ ఒకటి కంపెనీలోనే బిగించి పంపుతారట, తిప్పకూడదట. తేడా వస్తే మొత్తం భాగం మార్చాలట."

ఫోన్ చేసింది. ఆ భాగం రావడానికి అయిదు వారాలు.

ఫోన్ పెట్టింది. మీటరు వైర్లు జాగ్రత్తగా చుట్టింది. అట్టని గోడకి ఆనించింది. తర్వాత వెళ్లి మెట్టు మీద కూర్చుంది. రోసాలియా ఫ్లాస్కులోంచి పోసి ఇచ్చిన కాఫీని కూర్చునే తాగింది. నలభై ఏళ్లలో నేను చూడని దృశ్యం అది.

"సరే," అంది. "వెటర్ వాళ్ల తపాలా పెట్టె దాకా పోయి వచ్చాననుకుంటాలే."

నేను జేబుల్లోంచి చేతులు తీశాను.

"టిల్లీ, ఆ స్క్రూ నేను తిప్పాను."

రోసాలియా ఫ్లాస్కు మూత బిగించింది.

"దాని మీద పసుపు చుక్క ఉండేది. నా క్లీనర్‌కి పోయింది. నీకు కనబడకపోవడం అందుకే. చప్పుడు బాగుంటుందని తిప్పాను. నువ్వు పడ్డరోజే నాకు తెలుసు."

ఆవిడ నన్ను చూడలేదు, మోకాలి వంక చూసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

"ఎంత?" అంది.

"ఏంటి?"

"ఎంత తిప్పావు?"

"ముప్పావు చుట్టు."

"ఏ వైపు?"

"కుడికి. పావు, అర, ముప్పావు. మూడుసార్లు ఆగాను."

"ఖాయమేనా? స్లో జెట్ కూడా ఖాయమే అన్నావు."

"అది చెవి చెప్పింది. ఇది చెయ్యి చేసింది. చేతికి గుర్తుంది."

కప్పు పక్కన పెట్టి లేచింది. స్క్రూడ్రైవర్ తీసుకుంది. నేను నా అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. ఆవిడ ఆ చేతిలో మీటరు పెట్టింది.

"అంకెలు చదువు. అంతే. సలహాలొద్దు."

"ఎడమకి పావు... సున్నా పాయింట్ ఆరు ఎనిమిది."

"ఊఁ."

"అర... ఆరు ఒకటి."

"ఊఁ."

"ముప్పావు... అయిదు రెండు." మీటరు ఆవిడ వైపు తిప్పాను. "సున్నా పాయింట్ అయిదు రెండు, టిల్లీ."

పుస్తకం తీసి అంకె సరిచూసుకుంది. అట్ట అందుకుని టిక్కు పెట్టింది. తాళం తిప్పింది. పంపు గుంయ్‌మని ఆగింది. బటన్ నొక్కింది. యాక్సిలరేటర్ మీద చెయ్యి వెయ్యకుండా వేడెక్కనిచ్చింది. మొదట కొంచెం పైన, తర్వాత కిందికి, కిందికి, కుదురుగా. యాక్సిలరేటర్ ఒక మెలిక తిప్పి వదిలింది. బండీ వదిలింది.

"ఏమంటుంది బావా నీ చెవి?"

"నన్నడగకు. మీటర్‌ని అడుగు."

అప్పుడు నవ్వింది, కొంచెమే. లోపలికి పోయి గోళ్ల రంగు సీసా తెచ్చింది, బండి ఎరుపే. కళ్లద్దాలు పెట్టుకుని, ఆ స్క్రూ తల మీదనుంచి పక్కన లోహం మీదికి సన్నగా ఒక గీత గీసింది. ఎవరైనా వెంట్రుకవాసి తిప్పినా గీత విరిగి కనబడిపోతుంది.

"ఇది ఎలుకలకా?" అంది రోసాలియా.

"పెద్ద ఎలుకకి," అంది ఒటీలియా, సీసా మూత బిగిస్తూ.

పన్నెండో తారీఖు పొద్దున బయల్దేరింది. ఎడమ మోకాలికి పట్టీ, సీటు కింద కాగితాల క్లిప్పు, మీటరు, అరగజం రబ్బరు గొట్టం, ఆ పుస్తకంలో చేత్తో రాసుకున్న పదకొండు పేజీలు. నా పానాల్లో ఒక్కటీ తీసుకోలేదు. మేం పికప్‌లో వెటర్ వాళ్ల తపాలా పెట్టె దాకా వెనకే పోయాం. అక్కడ ఆగుతుందనుకున్నాను, చెయ్యి ఊపడానికైనా. ఆగలేదు.

నాలుగో రోజు మోంటానా నుంచి ఫోన్. బండి ఆగిపోయిందట. నాకు నాలుక చివరిదాకా నాలుగు సలహాలు వచ్చాయి. నేను నోరు తెరిచేలోపే చెప్పింది: క్లిప్పు పెడితే దీపం ఏ అంకెనూ చెప్పలేదని, పంపు మోగుతోందని, అట్ట ప్రకారం ఒక్కొక్కటే చూస్తూ పోతే సైడు స్టాండు స్విచ్‌లో బురద కూరుకుందని, కడిగితే స్టార్టయిందని.

"అయితే ఫోన్ ఎందుకు చేశావు?"

"నీకు చెబుదామని."

ఇరవై ఆరున వచ్చింది, మొహం కమిలిపోయి, సీసాలో ఉప్పునీళ్లు పట్టుకుని. ఇరవై ఎనిమిదిన ఆపరేషన్. డాక్టరు ఇప్పటికీ ఏ మాటా ఖాయంగా చెప్పడు. కర్రల మీద వంటింటికీ కిటికీకీ మధ్య తిరుగుతోంది, కూర్చోమంటే కరుస్తోంది. నిన్న నా చేతిలో షెడ్డు తాళం పెట్టింది.

"వారానికొకసారి స్టార్ట్ చెయ్యి. నేనెక్కేదాకా. ఇంకేం ముట్టుకోకు."

ఈ పొద్దున వెళ్లాను. ముందు ట్యాంకు ఎత్తి ఎర్ర గీత చూశాను. చెక్కు చెదరలేదు. తాళం తిప్పాను. నా బొటనవేలు బటన్ మీదే ఉంది, నొక్కడానికి తహతహలాడుతోంది. పంపు గుంయ్‌మని మోగి ఆగేదాకా ఆగాను. ఆ తర్వాత నొక్కాను.